నూరేళ్ళ సారు, నూరేళ్ళ ఆట

1925 నవంబరు ఒకటో తేదీ. పనామా కాలువ దారిలో పోతున్న 'ఎస్.ఎస్. ఫిన్లాండ్' అనే ఓడలో హెరాల్డ్ వాండర్‌బిల్ట్ అనే అమెరికా ధనవంతుడు ముగ్గురు మిత్రులతో కూర్చుని పేక పంచాడు. ఆక్షన్ బ్రిడ్జి అనే ఆట అప్పటికే వాడుకలో ఉంది. ఆయన దాని లెక్కలు మార్చాడు. ఎన్ని పట్లు పడతామని ముందుగా మాట ఇచ్చామో, ఆ మాట నిలబెట్టుకున్నదానికే అసలు ఫలం దక్కాలన్నాడు. అలా పుట్టిందే కాంట్రాక్ట్ బ్రిడ్జి. ఇవాళ ఎక్కడైనా బ్రిడ్జి అంటే ఆ ఆటే.

అదే నెల 20వ తేదీన మన జనగామ సీమలో, పాలకుర్తి దగ్గరి గూడూరులో చుక్కా రామయ్య పుట్టారు. 2025 నవంబరుతో ఆ సారు పుట్టీ నూరేళ్ళు, ఈ ఆట పుట్టీ నూరేళ్ళు.

ఈ రెంటినీ పక్కపక్కన పెట్టడానికి ఒక కారణం ఉంది. వయసు మీద పడ్డాక కొందరికి యాది ఎందుకు మసకబారుతుంది, కొందరికి తొంభైలోనూ బుర్ర పాదరసంలా ఎందుకు పనిచేస్తుంది అని ఆరా తీసిన శాస్త్రజ్ఞులు వెతికి వెతికి రెండు చోట్లకు చేరారు. ఒకటి, ముసలితనం దాకా పాఠం చెప్పిన పంతులమ్మల దగ్గరికి. రెండు, ముసలితనంలోనూ బ్రిడ్జి బల్ల వదలని వాళ్ళ దగ్గరికి. వాళ్ళకు ఏం దొరికిందో ఇవాళ చెప్పుకుందాం.

ముందు మన సారు సంగతి. ఆయన పిల్లవాడిగా ఉన్నప్పుడు ఇది నిజాం రాజ్యం. ఇంట్లో తెలుగు, బడిలో ఉర్దూ. యవ్వనంలో తెలంగాణ సాయుధ పోరాటంలో దిగి జైలుకు వెళ్ళారు. ఆ తర్వాత లెక్కల సారుగా కుదురుకున్నారు. అందరూ ఆయనను 'ఐఐటీ రామయ్య' అంటారు కానీ, ఆ పేరు తెచ్చిన పని ఆయన నౌకరీలో ఉండగా చేసింది కాదు, దిగిపోయాక చేసింది. పింఛను తీసుకుంటూ అరుగు మీద కూర్చునే వయసులో హైదరాబాద్ నల్లకుంటలో ఐఐటీ ప్రవేశ పరీక్షకు పిల్లలను తయారు చేయడం మొదలుపెట్టారు. ఆయన దగ్గర సీటు దొరకాలంటే ముందు ఆయన పెట్టే పరీక్ష గట్టెక్కాలి. ఆ పరీక్ష కోసం కూడా పిల్లలు వేరేచోట కోచింగులకు పోయేవాళ్ళు. శాసనమండలిలో కూర్చున్నారు. తొంభై దాటాక కూడా చదువుల గురించి రాస్తూనే వచ్చారు.

దీంట్లో సైన్సుకు పనికొచ్చే మాట ఒకటుంది. ఐఐటీ ప్రశ్నపత్రం ఏటా కొత్తది. పోయిన ఏడు చెప్పిన నోట్సు ఈ ఏడు చదివి వినిపిస్తే సరిపోదు. అరవై దాటిన మనిషి ప్రతి ఏడూ, పదిహేడేళ్ళ పిల్లలతో సమానంగా, ముందెన్నడూ చూడని లెక్క ముందు కూర్చోవాలి. అలవాటైన పని చేసేటప్పుడు మెదడు చాలావరకు పాత దారిలోనే పోతుంది. కొత్త చిక్కు ఎదురైనప్పుడు నుదుటి వెనకాల ఉండే భాగం పూర్తిగా మేలుకుంటుంది. ఈ భాగం పేరు యాదిలో పెట్టుకోండి, ప్రీఫ్రంటల్ కార్టెక్స్. మళ్ళీ కలుస్తాం దానితో.

సారు అంటే మన దిక్కు ఎంత గౌరవమో చెప్పనక్కరలేదు. 2016 అక్టోబరు 11న ఓరుగల్లు జిల్లా నుంచి కొత్త జిల్లాలు విడదీసినప్పుడు భూపాలపల్లి జిల్లాకు ఒక సారు పేరే పెట్టారు. అక్కంపేటలో పుట్టి, అర్థశాస్త్రం చెప్పి, కాకతీయ విశ్వవిద్యాలయానికి వైస్ చాన్సలర్ అయిన కొత్తపల్లి జయశంకర్‌ను జనం చివరిదాకా 'జయశంకర్ సారు' అనే పిలిచారు. ఏలికల పేర్లు, దేవుళ్ళ పేర్లు ఉన్న జిల్లాలు ఉన్నాయి. పాఠం చెప్పినాయన పేరుతో జిల్లా ఉండటం మనకు దక్కిన సంగతి, నాకు అది తలచుకున్నప్పుడల్లా గర్వంగా ఉంటుంది.

ఇక అమెరికా పంతులమ్మల సంగతి. 1986లో డేవిడ్ స్నోడన్ అనే పరిశోధకుడు 'స్కూల్ సిస్టర్స్ ఆఫ్ నాత్రదామ్' అనే క్రైస్తవ సన్యాసినుల సంఘాన్ని ఆశ్రయించాడు. వాళ్ళలో ఎక్కువమంది జీవితమంతా బడిలో పాఠాలు చెప్పినవాళ్ళే. 75 ఏళ్ళు దాటిన 678 మంది ఏటేటా జ్ఞాపకశక్తి పరీక్షలకు ఒప్పుకున్నారు. చనిపోయాక మెదడును పరిశీలనకు ఇస్తామని కూడా మాట ఇచ్చారు. సన్యాసినులే ఎందుకు? మామూలు జనంలో ఒకరు పొగతాగుతారు, ఒకరు తాగరు. ఒకరికి తిండి దండిగా ఉంటుంది, ఒకరికి ఉండదు. ఏ తేడా దేనివల్ల వచ్చిందో తేల్చలేం. మఠంలో అందరిదీ ఒకే వంటిల్లు, ఒకే ఇల్లు, ఒకే వైద్యం. అలాంటి చోట కనపడిన తేడాకు విలువ ఎక్కువ.

వాళ్ళలో సిస్టర్ మేరీ అని ఒకావిడ. ఎనిమిదో తరగతి చదువుతోనే 19 ఏళ్ళకు పంతులమ్మ అయ్యింది. వేసవి సెలవుల్లో మాత్రమే చదువుకుంటూ 41వ ఏట హైస్కూలు పూర్తి చేసింది. 84 ఏళ్ళ దాకా పాఠాలు చెప్పింది. 101 ఏళ్ళు బతికింది. చనిపోవడానికి కొన్ని నెలల ముందు పెట్టిన జ్ఞాపకశక్తి పరీక్షలో 30కి 27 మార్కులు తెచ్చుకుంది. ఆమె మెదడు తూచి చూస్తే 870 గ్రాములే ఉంది. సూక్ష్మదర్శిని కింద పెడితే ఆల్జీమర్స్ జబ్బు ఆనవాళ్ళు నిండా ఉన్నాయి. నాడీకణాల మధ్య పేరుకునే ప్రొటీన్ గడ్డలు, కణాల లోపల పడే చిక్కుముళ్ళు, రెండూ దండిగా కనపడ్డాయి. జబ్బు మెదడులో ఉంది, మాటలో లేదు, నడతలో లేదు. బతికి ఉండగా ఆమెకు మతిమరుపు జబ్బు ఉందని అన్నవాళ్ళు లేరు.

ఇదెలా సాధ్యం? 2024 సెప్టెంబరు మొదట్లో వానలు గుర్తున్నాయి కదా. ఆకేరు పొంగింది, మున్నేరు పొంగింది. మరిపెడ దారి తెగింది. కేసముద్రం దగ్గర పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి రైళ్ళు ఆగిపోయాయి. మానుకోటకు ఒక్క దారే తెలిసినవాడు వాగు ఒడ్డున నిలబడిపోయాడు. ఊళ్ళ మీదుగా చుట్టు తిరిగే బాటలు తెలిసినవాడు ఆలస్యంగానైనా ఇల్లు చేరాడు. వాగు ఇద్దరికీ ఒకటే. మెదడులోనూ అదే జరుగుతుందని యాకోవ్ స్టెర్న్ లాంటి శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. దీనికి వాళ్ళు పెట్టిన పేరు 'కాగ్నిటివ్ రిజర్వ్'. చదువు, పని, మనుషులతో మాట, కొత్త నేర్పు ఇవన్నీ నాడీకణాల మధ్య అదనపు బాటలు వేస్తాయి. జబ్బు వచ్చి ఒక బాట మూసుకుపోతే మాట ఇంకో బాటన బయటికి వస్తుంది. జబ్బు రాకుండా ఇది ఆపలేదు, వచ్చిన జబ్బు బయటపడే రోజును వెనక్కి జరుపుతుంది. ఎనభైలో బయటపడేది తొంభైకి జరిగితే, ఆ నడుమ ఏళ్ళు మనిషి మనిషిలా బతుకుతాడు. చాలామందికి ఆ వాయిదా చాలు.

ఈ బాటలు ఎప్పుడు పడతాయి? ఆ సన్యాసినులే ఇంకో ఆధారం ఇచ్చారు. మఠంలో చేరేటప్పుడు వాళ్ళు తమ జీవితం గురించి చేత్తో ఒక పేజీ రాసిచ్చారు. అప్పటికి వాళ్ళ సగటు వయసు 22. స్నోడన్ బృందం ఆ కాగితాలు బయటికి తీసి, పది మాటల్లో ఎన్ని భావాలు కూర్చారో లెక్కపెట్టింది. 93 మంది కాగితాలు చూస్తే, భావాలు పలచగా రాసినవాళ్ళలోనే దాదాపు అరవై ఏళ్ళ తర్వాత మతిమరుపు ఎక్కువ కనపడింది. 1996లో ఇది అచ్చయినప్పుడు వైద్యలోకం ఉలిక్కిపడింది. ముసలితనంలో ఎలా ఉంటామన్నది పడుచుతనానికే, బహుశా బడి ఈడుకే కొంత తేలిపోతుందన్నమాట. ఆడపిల్లను ఏడో తరగతితో మాన్పించే తల్లిదండ్రులు చూసేది ఉద్యోగం, పెళ్ళి. ఆ పిల్ల డెబ్భై అయిదో ఏట తన మనవడి పేరు గుర్తుపట్టడం కూడా ఆ బడిలోనే తయారవుతుంది. బడి మాన్పించే ప్రతి ఇంట్లో ఈ సంగతి ఎవరైనా చెప్పాలి.

మరి చదువు దక్కని మన అవ్వల మాటేమిటి? 2011 జనాభా లెక్కల్లో తెలంగాణలో ప్రతి ముగ్గురిలో ఒకరికి అక్షరం రాదు. వాళ్ళ కోసం మంచి కబురు మన హైదరాబాద్ నుంచే వచ్చింది. నిజామ్స్ ఇన్‌స్టిట్యూట్‌లో, అదే మన నిమ్స్‌లో, డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం మతిమరుపు జబ్బు ఉన్న 648 మంది వివరాలు పరిశీలించి 2013లో ప్రకటించింది. ఒకే భాష మాట్లాడేవాళ్ళకన్నా రెండు భాషలు మాట్లాడేవాళ్ళలో జబ్బు సగటున నాలుగున్నర ఏళ్ళు ఆలస్యంగా మొదలైంది. బడి ముఖం చూడనివాళ్ళలోనూ ఈ తేడా కనపడింది. ఇంకా పెద్ద విశేషం ఇదే. ఎందుకంటే పడమటి దేశాల్లో రెండు భాషలు వచ్చినవాళ్ళు చాలాసార్లు ఎక్కువ చదివినవాళ్ళో, వలస వచ్చినవాళ్ళో అయి ఉంటారు. తేడా భాషదా, చదువుదా, వలసదా అని విడదీయడం కష్టం. హైదరాబాద్‌లో రిక్షా తొక్కే ఆయన కూడా తెలుగూ ఉర్దూ రెండూ దంచుతాడు.

మానుకోట తండాల్లో అవ్వ ఇంట్లో లంబాడీలో మాట్లాడి, అంగడికి వచ్చి తెలుగులో బేరమాడుతుంది. భూపాలపల్లి జిల్లాలో మహదేవపూర్ దాటి గోదావరి అవతలికి పోతే సిరొంచ, అక్కడ తెలుగుతో పాటు మరాఠీ. ఒక మాట నోటికి వచ్చేలోపు, రెండో భాష మాటను మెదడు పక్కన నిలబెట్టాలి. రోజుకు వందలసార్లు ఈ పని చేసేది నుదుటి వెనకాల భాగం. అయితే ఒక్కమాట. కొన్ని దేశాల్లో చేసిన పరిశోధనల్లో భాషలవల్ల ఇంత తేడా కనపడలేదు. కాబట్టి ఇది తేలిపోయిన లెక్క కాదు, నడుస్తున్న లెక్క. కానీ తండా పిల్లవాడు బడికి రాగానే లంబాడీ మరిచిపొమ్మనడం మాత్రం ఏ లెక్కన చూసినా తప్పు.

ఇప్పుడు పేక దగ్గరికి వద్దాం. పేకాట అనగానే మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు మండిపడతారు. వాళ్ళ బాధ నిజమే, పందెం పెట్టి పొలాలు అమ్ముకున్నవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. బ్రిడ్జికి పందెం అక్కర్లేదు. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బులో రమ్మీ ఆడటం గురించిన కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. 1967 నవంబరులో తీర్పు ఇస్తూ, రమ్మీలో ఉన్న అదృష్టం బ్రిడ్జిలో ముక్కలు పంచేటప్పుడు ఉండే అదృష్టం లాంటిదేనని, అసలు ఆట నేర్పు మీద నడుస్తుందని కోర్టు అంది. నేర్పుకు కొలబద్దగా జడ్జీలు ఎత్తుకున్నది బ్రిడ్జినే. 2018లో జకార్తా ఆసియా క్రీడల్లో ఈ ఆటకు పతకాలు పెట్టారు. పురుషుల జంటల్లో బంగారు పతకం మనవాళ్ళకే వచ్చింది. ప్రణబ్ బర్ధన్‌కు అప్పటికి 60 ఏళ్ళు, శివనాథ్ సర్కార్‌కు 56. మన జట్టులో రీటా చోక్సీ అనే ఆమెకు 79. పరుగుపందెంలో ఆ వయసుకు చోటు లేదు, ఇక్కడ ఉంది.

ఆట ఇలా సాగుతుంది. నలుగురు కూర్చుంటారు. ఎదురెదురుగా ఉన్నవాళ్ళు జత. 52 ముక్కలు పంచితే తలా 13. ముందు పాట నడుస్తుంది. ఏ రంగు తురుపుగా, అంటే మిగతా రంగులను కొట్టే రంగుగా, ఎన్ని పట్లు పడతామో వేలంపాటలా పాడాలి. నలుగురూ తలా ఒక ముక్క వేస్తే అది ఒక పట్టు. ఒక్క కళావరు నుంచి ఏడు నోట్రంప్ (తురుపు లేని ఆట) దాకా 35 పాటలు ఉన్నాయి. వాటికి పాస్, డబుల్, రీడబుల్ కలిపితే మొత్తం 38 మాటలు. నీ చేతిలో ఏముందో నీ జతగాడికి ఈ 38 మాటల్లోనే చెప్పాలి. కన్ను గీటడం, దగ్గడం, ముక్క విసురుగా వేయడం అన్నీ మోసం కిందే లెక్క. నీ మాటకు అర్థం ఏమిటో అవతలి జట్టు అడిగితే చెప్పాల్సిందే. రహస్యం ఉండకూడదు. పాట గెలిచినవాడి జతగాడు తన ముక్కలు బల్ల మీద పరిచేస్తాడు. అంటే ఆడేవాడికి 26 ముక్కలు కనపడతాయి, 26 కనపడవు. ఎవరు ఏం పాడారు, ఎవరు పాడకుండా ఊరుకున్నారు, ఎవరు ఏ ముక్క దింపారు అనే ఆనవాళ్ళను పట్టుకుని కనపడని 26 ఎవరి చేతిలో ఎన్నున్నాయో తేల్చుకుంటూ పోవాలి.

పంతులు పని కూడా ఇదే. బోర్డు మీద లెక్క తప్పు చేసిన పిల్ల మనసులో ఏముందో కనపడదు. ఆ పిల్ల రాసిన తప్పు జవాబు ఒక్కటే కనపడుతుంది. 52లోంచి 27 తీసేస్తే 35 అని రాసిందంటే, రెండులోంచి ఏడు పోదు కాబట్టి ఏడులోంచి రెండు తీసేసిందని మంచి టీచరు ఇట్టే పట్టేస్తుంది. జవాబును బట్టి తలలో జరిగిందాన్ని వెనక్కి నడిచి కనుక్కోవడం అది. రోజుకు అయిదు పీరియడ్లు, ఒక్కో తరగతిలో నలభై తలలు, ముప్పై అయిదేళ్ళు. నా మటుకు నాకు బడిపంతుళ్ళకు, బ్రిడ్జి ఆడేవాళ్ళకు బుర్ర నిలవడంలో ఉన్న పోలిక ఇక్కడే ఉందనిపిస్తుంది. ఒంటరిగా గళ్ళ నుడికట్టు నింపేటప్పుడు ఎదుటి మనిషి మనసు చదవాల్సిన పని ఉండదు. ఇక్కడ లెక్కా మనిషీ రెండూ ఒకేసారి నడవాలి.

లెక్క ఎంత రుచిగా ఉంటుందో ఒకటి చూపిస్తాను, కాగితం తీసుకోండి. నీ జట్టు దగ్గర తొమ్మిది ఇస్పేట్లు ఉన్నాయి. బయట నాలుగున్నాయి. అవి అవతలి ఇద్దరి మధ్య ఎలా చీలి ఉంటాయి? చెరి రెండు ఉండటమే ఎక్కువసార్లు జరుగుతుందని అందరూ అంటారు. నాలుగు చీటీల మీద ఆసు, రాజు, రాణి, పది అని రాయండి. ఒక్కో చీటీ ఎడమకన్నా పోవచ్చు, కుడికన్నా పోవచ్చు. మొత్తం దారులు రెండు రెళ్ళు నాలుగు, నాలుగు రెళ్ళు ఎనిమిది, ఎనిమిది రెళ్ళు పదహారు. ఒక్కరికే నాలుగూ పోయేవి రెండే దారులు. చెరి రెండు పోయేవి రాసి చూడండి, ఆసు-రాజు, ఆసు-రాణి, ఆసు-పది, రాజు-రాణి, రాజు-పది, రాణి-పది, ఆరు దారులు. మిగిలిన ఎనిమిదీ మూడు-ఒకటిగా చీలేవి. సమంగా చీలడం కన్నా మూడు-ఒకటిగా చీలడమే ఎక్కువ. ఎందుకంటే ఆ ఒంటరి ముక్క నాలుగింట్లో ఏదైనా కావచ్చు, అది ఎటువైపైనా ఉండొచ్చు.

చీటీల లెక్కలో మూడు-ఒకటికి 50 శాతం, రెండు-రెండుకు 37.5 శాతం. నిజం పేకలో ఇవి కొద్దిగా మారి 49.7, 40.7 అవుతాయి. ఎందుకు మారాయి? చీటీకి ఎటుపోయినా ఒకటే. పేకముక్కకు అలా కాదు, ఒక్కో చేతిలో 13 స్థలాలే ఉన్నాయి. రెండే ముక్కలు బయట ఉన్నాయనుకోండి. మొదటిది ఎడమ చేతిలోకి పోయింది. ఇప్పుడు ఎడమన 12 స్థలాలు మిగిలాయి, కుడిన 13, మొత్తం 25. రెండోది కుడికి పోయే అవకాశం 25లో 13, అంటే 52 శాతం. సగం కన్నా రెండు శాతం ఎక్కువ. స్థలాలు లెక్కపెట్టుకుంటూ పోతే ముక్కలు సమంగా చీలడం వైపు కొంచెం మొగ్గుతాయి. ఆడేవాడు ఈ శాతాలు కంఠతా పట్టి, వాటికి ఎదుటివాడి పాటనూ మౌనాన్నీ జోడించి, రాణి కోసం ఎటు గురిపెట్టాలో తేల్చుకుంటాడు. నలుగురికీ 52 ముక్కలు పంచే తీరులు ఎన్నో తెలుసా? అయిదు పక్కన 28 సున్నాలు రాస్తే వచ్చే సంఖ్యకన్నా ఎక్కువ. అందుకే జీవితమంతా ఆడినా చూసిన పంపకమే మళ్ళీ చూడరు. రామయ్య సారు ముందుకు ఏటా కొత్త ప్రశ్నపత్రం వచ్చినట్టే ఇక్కడ ప్రతి పంపకమూ కొత్తదే.

ఇప్పుడు నుదుటి వెనకాల భాగం దగ్గరికి మళ్ళీ వద్దాం. కాలిఫోర్నియాలో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో మేరియన్ డైమండ్ అనే శరీర నిర్మాణశాస్త్ర ఆచార్యురాలు ఉండేది. ఐన్‌స్టయిన్ మెదడు ముక్కలను పరీక్షించిన ఆవిడ ఈవిడే. ఒక గుండ్రటి టోపీ పెట్టెలో నిజమైన మెదడు పెట్టుకుని తరగతికి వచ్చి, తొడుగులు వేసుకుని బయటికి తీసి పిల్లలకు చూపించేది. 1960ల్లో ఆవిడ ఎలుకలతో ఒక సంగతి తేల్చింది. ఆటవస్తువులు, తోటి ఎలుకలు ఉన్న పంజరంలో పెరిగిన ఎలుకల మెదడు పైపొర మందంగా పెరిగింది. ఒంటరిగా ఉన్నవాటికి పలచబడింది. తర్వాత ముసలి ఎలుకలతోనూ చేసి చూస్తే వాటిలోనూ పెరుగుదల కనపడింది. వయసు వచ్చాక మెదడు ఇక మారదని అప్పటిదాకా అనుకున్న మాట అక్కడ ఆగిపోయింది.

2000లో ఆవిడ బ్రిడ్జి ఆడే 12 మంది పెద్దవయసు ఆడవాళ్ళను తీసుకుని, గంటన్నర ఆట ముందూ తర్వాతా రక్తం పరీక్ష చేసింది. వాళ్ళలో ఎనిమిది మందికి సీడీ4 అనే రోగనిరోధక కణాలు పెరిగాయి. ఎత్తు వేయడం, గుర్తుంచుకోవడం ఈ నుదుటి భాగం పని కాబట్టి, దానికీ రోగనిరోధక వ్యవస్థకూ సంబంధం ఉందేమోనని ఆవిడ వెతుకులాట. 12 మంది చాలా చిన్న లెక్క, దీన్నే పట్టుకుని పేక ఆడితే జ్వరాలు రావనుకోకండి. ఆవిడ జీవితం మాత్రం నాకు పెద్ద రుజువులా కనపడుతుంది. 87 ఏళ్ళ దాకా పాఠం చెప్పి, 2017లో 90వ ఏట కన్నుమూసింది.

పెద్ద లెక్కలు కూడా ఉన్నాయి. న్యూయార్క్ బ్రాంక్స్‌లో 75 దాటిన 469 మందిని ఏళ్ళ తరబడి గమనించి డాక్టర్ జో వర్గీస్ బృందం 2003లో ప్రకటించింది. చదవడం, పేక, బల్ల ఆటలు, వాయిద్యం, నాట్యం ఇవి చేసేవాళ్ళకు మతిమరుపు తక్కువగా వచ్చింది. కాలిఫోర్నియాలో పెద్దవాళ్ళే ఉండే ఒక ఊళ్ళో క్లాడియా కవాస్ 2003 నుంచి తొంభై దాటినవాళ్ళను పరిశీలిస్తోంది. అక్కడ బ్రిడ్జి బల్ల నిత్యపూజ లాంటిది. రోజుకు మూడు గంటలు ఇలాంటి పనుల్లో గడిపేవాళ్ళలో మతిమరుపు తక్కువ అని అక్కడా కనపడింది.

కానీ ఇక్కడ జాగ్రత్తగా ఆలోచించాలి. ఆడటంవల్ల బుర్ర నిలిచిందా, బుర్ర నిలిచినవాళ్ళే ఆడుతున్నారా? మతిమరుపు బయటపడడానికి చాలా ఏళ్ళ ముందే లోపల మొదలవుతుంది. ఏ ముక్క పోయిందో గుర్తుండక, జతగాడికి బరువవుతున్నానని మొహమాటపడి బల్ల దగ్గరికి రావడం మానేసినవాళ్ళు 'ఆడనివాళ్ళ' లెక్కలోకి వస్తారు. అందుకే వర్గీస్ బృందం మొదటి కొన్నేళ్ళలో జబ్బు బయటపడినవాళ్ళను పక్కనపెట్టి మళ్ళీ లెక్కవేసింది. అప్పుడూ తేడా నిలిచింది. ఇంకోటి, ఇది మరీ ముఖ్యం. జీవితమంతా పాఠం చెప్పినవాళ్ళకూ ఈ జబ్బు వస్తుంది. వచ్చినవాళ్ళు చదవలేదనో, ఆడలేదనో ఎవరూ అనకూడదు. తన శిష్యుల పేర్లు మరిచిపోయిన సారు దగ్గరికి ఆ శిష్యులే పోయి తమ పేరు తామే చెప్పుకోవాలి, ప్రతిసారీ, మొదటిసారి చెప్పినట్టే.

భారతదేశంలో అరవై దాటిన వాళ్ళలో దాదాపు 88 లక్షల మందికి మతిమరుపు జబ్బు ఉందని 2023లో అచ్చయిన అంచనా. నూటికి ఏడుగురికి పైన. 2024లో లాన్సెట్ కమిషన్ పధ్నాలుగు కారణాలు చెప్పి, వాటిని సరిదిద్దుకోగలిగితే దాదాపు 45 శాతం కేసులు తప్పించడమో వాయిదా వేయడమో కుదరొచ్చంది. చిన్నప్పుడు చదువు లేకపోవడం అందులో మొదటిది. వినికిడి తగ్గడం, చూపు తగ్గడం, బీపీ, షుగర్, పొగ, మందు, ఒంటరితనం, తలకు దెబ్బలు కూడా ఉన్నాయి. చెవి మాట మన ఇళ్ళల్లో ఎవరూ పట్టించుకోరు. తాతకు వినపడదని నలుగురూ మాట్లాడటం మానేస్తారు. మాట చేరని మెదడుకు పని ఉండదు. కంటి వెలుగు శిబిరాలు పెట్టి ఊరూరా అద్దాలు ఇచ్చినట్టు చెవికి కూడా ఎవరైనా ఊరూరా తిరిగితే ఎంత బాగుంటుంది! మోటారుసైకిల్ మీద తాతను కూర్చోబెట్టుకుని పోయేటప్పుడు ఆయన తలకూ హెల్మెట్ ఉండాలి, అది కూడా ఈ జాబితా చెప్పే జాగ్రత్తే.

తెలంగాణలో 2021 నుంచి ప్రభుత్వ ఉద్యోగ విరమణ 61వ ఏట. ఆ రోజు శాలువా కప్పి, పూలదండ వేసి, ఫోటో దిగి సారును ఇంటికి పంపేస్తాం. మర్నాటి నుంచి ఆయన రోజూ నలభై పిల్లల తలల్లోకి చూడటం ఆగిపోతుంది. ఆ మెదడుకు అంత పని ఇంకెక్కడ దొరుకుతుంది? జనగామలో గానీ, మానుకోటలో గానీ, భూపాలపల్లిలో గానీ రిటైర్డ్ టీచర్లు కలుసుకునే చోట ఒక బల్ల, నాలుగు కుర్చీలు, రెండు పేకలు పెడితే చాలు. పాట నేర్వడానికి నెలలు పడుతుంది కాబట్టి ఫ్రాన్సు, నెదర్లాండ్స్ దేశాల్లో అలవాటు చేసిన మినీబ్రిడ్జితో మొదలుపెట్టొచ్చు. అందులో పాట లేదు. ఆసుకు 4, రాజుకు 3, రాణికి 2, జాకీకి 1. మొత్తం పేకలో 40 పాయింట్లు. ఎవరి చేతి పాయింట్లు వాళ్ళు బయటికి చెప్పాలి. ఎక్కువ పాయింట్లున్న జట్టులో ఎక్కువున్నవాడు ఆడతాడు, అతని జతగాడు ముక్కలు పరుస్తాడు, తురుపు ఏదో ఆడేవాడు ఆ ఇద్దరి ముక్కలు చూసుకుని ఎంచుకుంటాడు. ఆదివారం పూట ఇద్దరు పెద్దవాళ్ళు, ఇద్దరు తొమ్మిదో తరగతి పిల్లలు కలిసి, ఒక్కో పెద్దమనిషికి ఒక్కో పిల్ల జతగా కూర్చుంటే మరీ మంచిది. పిల్లకు సంభావ్యత అనే పాఠం అక్కడే అర్థమవుతుంది, తాతకు పాఠం చెప్పే పని దొరుకుతుంది.

ముగించే ముందు పిల్లలకు ఒక లెక్క ఇస్తున్నాను. ఈసారి బయట అయిదు ఇస్పేట్లు ఉన్నాయి. చీటీలు రాసి లెక్కపెడితే మొత్తం 32 దారులు రావాలి. మూడు-రెండుగా చీలేవి 20 వస్తే మీ లెక్క సరే. 32లో 20 అంటే 62.5 శాతం. నిజం పేకలో అది 68 శాతం దగ్గరికి పోతుంది. ఆ పెరిగిన శాతం ఎక్కడి నుంచి వచ్చిందో 13 స్థలాల కిటుకుతో కట్టి చూడండి. చిక్కుపడితే మీ వీధిలో రిటైరైన లెక్కల సారు తలుపు తట్టండి, కాగితం పెన్సిలు మీరే పట్టుకుపోండి.